చెయ్యి అచ్చిరాలేదట

రంపం మిషను ఆగిపోలేదు. ఆగిపోయినా బాగుండేది. ఆగిపోయిన మిషన్ని ఎవరైనా పాడైపోయిందనే అంటారు. ఇది అలా కాదు. ఉత్తప్పుడు గిర్రున తిరుగుతుంది. చెక్క పలక అంచు తగలగానే నీరసపడుతుంది. ఇంకాస్త నెడితే బ్లేడు చెక్కలో ఇరుక్కుని అక్కడే నిలబడిపోతుంది. చెక్క మీద నల్లగా కాలిన మచ్చ, షెడ్డంతా మాడు వాసన. దాంతో ఇంటిల్లిపాదీ మిషన్ని వదిలేసి చిన్నకోడలి మీద పడ్డారు.

"మిషనుకేం రోగం? నిక్షేపంలా తిరుగుతోంది. నెట్టే చేతిలో సత్తువ ఉండొద్దూ!" అన్నారు బావగారు, అంటే ఆమె భర్తకి అన్నగారు. ఆ మనిషి జన్మలో ఒక్క పలక కోసిన పాపాన పోలేదు. బజారువీధిలో ఫర్నిచర్ షాపులో కుర్చీ వేసుకుని, ఆమె చేసిన బల్లలూ బీరువాలూ అమ్ముకుంటూ, అడిగినవాళ్లకి మాత్రం "మా పనితనం" అని చెప్పుకుంటారు. మా పనితనమట!

చిన్నకోడలిది వడ్రంగుల ఇల్లు. నడక రాకముందే రంపపు పొట్టులో పొర్లాడిన పిల్ల. తండ్రి పక్కన నిలబడి ఉలి పట్టింది, చిత్రిక పట్టింది, ఏ చెక్క ఏ వైపు చీలుతుందో వేలితో తడిమి చెప్పడం నేర్చుకుంది. పెళ్లయి వచ్చాక ఇంటి వెనక షెడ్డులో పని మొదలుపెడితే మొదట్లో వీధివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత వాళ్లే తలుపులు చేయించుకోవడానికి వరసకట్టారు, ముద్దుగా రంపం వదిన అని పేరు కూడా పెట్టారు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ మిషను కొన్నప్పుడు, షాపులో చోటు లేదు కాబట్టి అది షెడ్డులోకి వచ్చింది. ఇప్పుడు బావగారు షాపు పక్క గది కూడా తీసుకున్నారు. ఆ గదిలో మిషను పట్టేంత చోటు ఉంది. ఇంతలో మిషను నీరసపడింది. ఇంతకంటే మంచి సందు దొరుకుతుందా ఆయనకి?

"చూడమ్మాయ్, నేను ఉన్న మాట అంటాను, నువ్వు మనసులో పెట్టుకోకు," అన్నారాయన, మనసులో గుచ్చుకునేలా. "కొన్ని పనులు కొందరి చేతికి అచ్చిరావు. నీ చెయ్యి ఈ మిషనుకి అచ్చిరాలేదు. ఆదివారం బండి తీసుకొస్తాను. ఆలోగా అది సరిగ్గా కోసిందా, సరేసరి. లేకపోతే షాపుకి పట్టుకెళ్లిపోతాను. అక్కడ ఎవరైనా మగమనిషిని పెట్టుకుంటాను. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చుని పాలిష్ పెట్టుకో."

పాలిష్! ఎవడో అడ్డదిడ్డంగా కోసిన చెక్కని ఆమె గరుకు కాగితంతో రుద్ది మెరిపించాలన్నమాట. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. అయినా పెద్దవాళ్లు నలుగురూ చుట్టూ ఉన్నారని పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క ఆ ఇంట్లో.

రాత్రి భోజనాల దగ్గర భర్త, బస్సు డ్రైవరు, మెల్లిగా నసిగాడు. "అన్నయ్య మాటలో కూడా కాస్త..."

"ఏంటి కాస్త?"

"అబ్బే, ఏం లేదు. మంచినీళ్లు ఇలా ఇవ్వు."

"నీ బస్సు ఎత్తు ఎక్కలేకపోతే దిగి ఇంజను చూస్తారా, నీ చేతిలో సత్తువ లేదంటారా?"

"ఇంజనే చూస్తారు," అని ఒప్పుకున్నాడు గాని, ఆ ముక్క అన్నగారి ముందు అనే ధైర్యం లేదు పాపం. అన్న ముందు అతనికి నోట్లో నాలుకే ఉండదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచింది. వచ్చాడు మహానుభావుడు. షెడ్డులో అటూ ఇటూ చూసి, "ఇంట్లో మగవాళ్లెవరూ లేరాండీ?" అన్నాడు. మూలన కుట్టు మిషను ముందు స్టూలు మీద కూర్చున్న మామగారు కనపడగానే ప్రాణం లేచొచ్చినట్టు ఆయన వైపు తిరిగి, కరెంటు గురించి ఆయనకి పాఠం మొదలుపెట్టాడు.

మామగారు పేరున్న టైలరు. కంటిచూపు మందగించి కత్తెర పక్కన పెట్టినా, పొద్దున్నే షెడ్డులోకి వచ్చి తన పాత కుట్టు మిషను దగ్గర కూర్చోకపోతే ఆయనకి తోచదు. దాన్ని తుడుస్తారు, నూనె వేస్తారు, ఉత్తినే తొక్కుతారు. "ఆ తుక్కు ఇంకా ఎందుకు, తీసేయించండి, మీరూ ఇంట్లో మంచం మీద పడుకోండి" అని పెద్దకొడుకు పోరుతూనే ఉంటారు. చిన్నకోడలే అడ్డం పడి ఆ మూల ఆయనకి ఉంచింది.

"నాకెందుకయ్యా చెబుతావు?" అన్నారు మామగారు ఎలక్ట్రీషియన్‌తో. "మిషను ఆవిడది. పని ఆవిడది. ఆవిడకి చెప్పు."

అతను చెప్పడానికేముంది? వోల్టేజీ చాలడం లేదేమో అన్నాడు, మోటారు ముసలిదైందేమో అన్నాడు, వాడే చేతిని బట్టి కూడా ఉంటుందన్నాడు. మళ్లీ చెయ్యే! ఈ ఊళ్లో అందరికీ ఆమె చెయ్యి తప్ప ఇంకేమీ కనపడదా?

"నువ్వు వెళ్లు నాయనా. నా చేతి సంగతి నేను చూసుకుంటాను," అని పంపించేసింది.

ఇక తాడో పేడో తేల్చుకుందామని కొంగు బిగించింది. మోటారు ముసలిదైతే మోటారుని అనండి. వైరు సన్నదైతే వైరుని అనండి. ఒక్కొక్కటీ విప్పి చూడకుండా మనిషిని ఎలా అంటారు?

ముందు ప్లగ్గు పీకింది. బ్లేడు ఊడదీసి చూస్తే పళ్లకి చెక్క జిగురు గట్టకట్టి ఉంది. కిరసనాయిల్లో నానబెట్టి, పాత బ్రష్షుతో పన్ను పన్నూ తోమింది. అది చాలదని దాచుకున్న కొత్త బ్లేడే బిగించింది. ప్లగ్గు పెట్టి కోసి చూస్తే అదే నీరసం. సరే, బ్లేడు కాదు. బోర్డు నుంచి మిషను దాకా పాకుతున్న పొడుగాటి సన్న వైరు మీద అనుమానం వచ్చింది. దాన్ని తీసేసి, మిషన్ని గోడ దగ్గరికి ఈడ్చి నేరుగా ప్లగ్గు పెట్టింది. కోత మొదలుపెట్టి, అదే లైను మీదున్న బల్బు వంక చూసింది. బల్బు రెప్ప కూడా వాల్చలేదు. వోల్టేజీ కూడా కాదు. పలకని ఆనించి నెట్టే ఇనుప గైడు వంకరగా ఉంటే చెక్క బ్లేడుని పిసికేస్తుంది. దాన్నీ ముందూ వెనకా కొలిచి చూసింది. వెంట్రుకంత తేడా లేదు. మోటారుని బ్లేడుకి కలిపే బెల్టు సంగతి ఆమె మొదటిరోజే చూసింది, అంటే బయట ఉన్న బోల్టు తిప్పి బాగా బిగించింది. బిగుతుగా ఉంది కదా అని ఇక దాని జోలికి పోలేదు.

అలా చూస్తుండగానే ఆదివారం రానే వచ్చింది. నెట్టీ నెట్టీ భుజాలు లాగేస్తున్నాయి. ఒక క్షణం ఆమెకే అనిపించింది, నిజంగానే నా చేతిలో ఏమైనా... ఛీ! ఆ మాట తన బుర్రలోకి కూడా దూరినందుకు బావగారి మీద కోపం రెట్టింపయింది. పొద్దస్తమానం చెవిలో పోస్తుంటే ఎంతటివాళ్లకైనా అనుమానం పుడుతుంది మరి.

ఆ కోపంలోనే మరో పలక అందుకుని నెట్టింది. బ్లేడు నీరసపడింది, ఆగింది. ఈసారి ఆమె కళ్లు మూసుకుని విన్నది. బ్లేడు ఆగింది గాని మోటారు ఆగలేదు. మూలగడం కూడా లేదు. తనకేమీ పట్టనట్టు హాయిగా పాడుకుంటోంది! గబుక్కున స్విచ్చు కట్టేసింది.

"ఓసి దొంగముండా!" అంది మోటారుతో. బ్లేడు ఆగినా మోటారు తిరుగుతోందంటే, మోటారు బలం బ్లేడుదాకా చేరడం లేదన్నమాట. మధ్యలో ఉన్నది బెల్టు ఒక్కటే. ఆ మాడు వాసనలో సగం చెక్కది కాదు, రబ్బరుది.

ప్లగ్గు పీకి, బెల్టు మీద కప్పిన రేకు మూత మరలు విప్పింది. చెయ్యి పెడితే బెల్టు బిగుతుగానే ఉంది గాని వేలు జర్రున జారింది. బెల్టు తిరిగే పుల్లీల నిండా జిడ్డు. ఆ జిడ్డుకి పొట్టు అంటుకుని ముద్దలు కట్టింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. షెడ్డులో ఆ మూల నుంచి రోజూ వచ్చేదే. కుట్టు మిషను నూనె.

ఆమె ఇంకా వేలు వంక చూస్తూ మిషను వెనక కూర్చునే ఉంది. పక్క తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. మామగారు పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. చేతిలో పొడుగు ముక్కు నూనె డబ్బా ఉంది.

"ఏంటి మామయ్యా అది?"

ఆయన ఉలిక్కిపడి డబ్బా వెనక్కి దాచారు. "నువ్వు ఇంట్లోకెళ్లావనుకున్నానే. ఏం లేదమ్మా."

"ఆ ఏం లేనిదాంట్లోంచి నూనె కారి మీ చొక్కా తడిసిపోతోంది."

దాచి లాభం లేదని ఆయనకీ తెలిసిపోయింది. "నీకు సాయం చేద్దామనే. ఏ మిషనుకైనా నూనె కంతలుంటాయి కదా. దీనికీ ఈ రేకు మీద చిన్న చిన్నవి ఉన్నాయి. అది మొదట్లో కాస్త కిర్రుమంటుంటే ఒక్క చుక్క వేశాను. తర్వాత అదేంటో నీరసపడింది. పెద్దోడు నిన్ను నానా మాటలూ అన్నాడు. నాకు మనసాగలేదు. పిల్ల మాటలు పడుతోందే, మిషను కాస్త కోలుకుంటే బాగుండునని ఇంకాస్త పోశాను. వాడు అన్నప్పుడల్లా పోస్తూనే ఉన్నానమ్మా."

చిన్నకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవి నూనె కంతలు కావు, లోపల వేడెక్కకుండా గాలి ఆడటానికి పెట్టినవి. కుట్టు మిషన్ల మధ్య జీవితమంతా గడిపిన మనిషికి రేకు మీద కంత కనపడితే ఇంకేం తోస్తుంది? వాళ్లు ఆమెని తిట్టినకొద్దీ ఈయన నూనె పోశారు. ఈయన నూనె పోసినకొద్దీ వాళ్లు ఆమెని తిట్టారు. ఇంత ప్రేమతో ఆమె కొంప ఇంతవరకూ ఎవరూ ముంచలేదు.

నవ్వు రాలేదు, కోపమే వచ్చింది. "బెల్టు పట్టుకుని తిప్పాలి మామయ్యా! నూనె పోస్తే పట్టు ఎక్కడిది? జారిపోదూ? నా మిషను ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? మీ కుట్టు మిషన్ని నేనెప్పుడైనా ముట్టుకున్నానా?"

"లేదు," అన్నారాయన. "అయితే దాన్ని నీరసపెట్టింది నేనేనా?"

"మీరే."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత బిగించారు. "పెద్దోడికి చెబుతావా? వాడికి తెలిస్తే నన్నిక షెడ్డు గుమ్మం తొక్కనివ్వడు."

ఏం చెప్పగలదు? ఆ మూల తప్ప ఆయనకి ఇంకో చోటు లేదు. ఆ మిషను తప్ప ఆమెకీ లేదు. "నా అంతట నేను చెప్పను. అంతకంటే నన్నేం అడక్కండి మామయ్యా," అంది. అని, స్పేర్ పార్టుల షాపుకి పరుగెత్తింది.

కొత్త బెల్టుతో వచ్చి, పుల్లీల్ని థిన్నరుతో తళతళలాడేలా తుడిచింది. బెల్టు తొడిగి, బిగించి, మూత పెట్టి, స్విచ్చు వేసింది. ఇన్నాళ్లూ సతాయించిన పలకనే అందుకుని నెట్టింది. రంపం చెక్కలోకి సర్రున దూసుకుపోయింది. ఎక్కడా మచ్చ లేదు, మాడు వాసన లేదు. ఆమెకి కళ్లు చెమర్చాయి. పొట్టు పడిందిలే అనుకుని తుడుచుకుంది.

సాయంత్రం బండి వచ్చింది. బావగారు దిగారు, వెనకే బరువులెత్తే మనుషులిద్దరు. తాళ్లు కూడా తెచ్చుకున్నారు. అంత నమ్మకం! ఆయన వెనకాల ఆమె భర్త, తనకేం సంబంధం లేనట్టు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె అన్నిటికంటే మందపు పలక తీసుకుని, వాళ్ల కళ్ల ముందే ఈ చివర నుంచి ఆ చివరకి కోసి, రెండు ముక్కలూ తీసి బావగారి ముందు పెట్టింది. కోసిన అంచు నున్నగా ఉంది. భర్త మొహం విప్పారింది. బావగారి మొహం ముడుచుకుంది. అనుకున్న పెళ్లి తప్పిపోయినవాడిలా అటూ ఇటూ చూసి, కింద పడి ఉన్న పాత బెల్టుని రెండు వేళ్లతో పైకి తీశారు.

"ఏంటీ జిడ్డు?"

"నూనె పడింది. బెల్టు జారింది. మార్చేశాను."

"నూనె దానంతటది నడిచొచ్చి పడిందా? ఎవరు పోశారు?"

ఆమె మాట్లాడలేదు. మూల వైపు చూడలేదు కూడా. ఆ మౌనం చాలు బావగారికి, పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"ఇంకెవరు పోస్తారు! ఈ షెడ్డులో మిషను ముట్టుకునేది నువ్వొక్కదానివే. బెల్టుకి నూనె పోసే మనిషికి మిషను అప్పగించడం మాదే బుద్ధితక్కువ. ఇవాళ నూనె పోశావు, రేపు వేలు పెడతావు. నేను ముందే అన్నాను, నీ చేతికి ఇది అచ్చిరాదని. ఒరేయ్, చూస్తారేంట్రా, ఎక్కించండి!"

బరువులెత్తేవాళ్లు తాళ్లు విప్పారు. ఒకడు మిషను కాలుకి తాడు చుట్టడం మొదలుపెట్టాడు. ఒక్క పేరు చెబితే చాలు, తాడు ఆగిపోతుంది. చిన్నకోడలు రెండు చేతులూ మిషను బల్ల మీద ఆనించి, కదలకుండా నిలబడింది.

"నేను పోశాన్రా," అన్నారు మామగారు మూల నుంచి.

బావగారు వెనక్కి తిరిగారు. "ఏంటి నాన్నా?"

"నూనె. నేనే పోశాను. మిషనుకి మంచిదనుకుని రోజూ పోశాను. ఆ పిల్లకి ఇవాళ మధ్యాహ్నం దాకా తెలియనే తెలియదు."

చూడండి ఇక! బావగారి మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. చిన్నపిల్లాడు పాలు ఒలకబోస్తే నవ్వినట్టు నవ్వేశారు. "మీరా! అయ్యో నాన్నా. పోన్లెండి, దానికేముంది? పెద్దవారు, కళ్లు సరిగ్గా ఆనవు, ఏదో పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. దీనికంత బాధపడతారేంటి?"

పొరపాటట! ఎవరికైనా జరుగుతుందట! ఇంతసేపూ బుద్ధితక్కువైన పని ఒక్క క్షణంలో దానికేముంది అయిపోయింది. చిన్నకోడలికి ఒళ్లు భగ్గున మండింది. "బావగారూ..." అని ఆమె నోరు తెరిచేలోపే మామగారు స్టూలు మీంచి లేచారు. ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు.

"నవ్వుతావేంట్రా? తిట్టు!"

"మిమ్మల్ని తిట్టడమేంటి నాన్నా?"

"ఇన్ని రోజులూ తిట్టావుగా? ఆ తిట్లన్నీ నావి. ఆ పిల్ల తిన్నది. ఇప్పుడు అసలు మనిషి నీ ఎదురుగా నిలబడ్డాడు. నన్ననరా. నా చేతిలో సత్తువ లేదను. నన్ను మూల కూర్చుని పాలిష్ పెట్టుకోమను. నేను నేర్పిన కత్తెర పని నీకు రాలేదు గాని, నేను అనని మాటలు నోటికి బాగానే వచ్చాయే! అను, వింటాను."

తాడు కడుతున్న మనిషి చేతులు ఆగిపోయాయి. భర్త మొదటిసారి తలెత్తి అన్నగారి మొహంలోకి సూటిగా చూశాడు. చూసి, వంగి మిషను కాలుకి చుట్టిన తాడు తనే విప్పడం మొదలుపెట్టాడు.

"నన్ను అనలేవు. నోరు రావట్లేదు కదూ?" అన్నారు మామగారు. "మరి ఆ పిల్లని అనడానికి ఎలా వచ్చిందిరా నీకు?"

"సరే సరే," అన్నారు బావగారు, చేతిలో ఉన్న జిడ్డు బెల్టు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ మారుస్తూ. "ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా? జరిగిందేదో జరిగింది. మిషను బాగుపడిందిగా, ఇక్కడే ఉంచుకోండి. పదండ్రా, పోదాం."

ఆయన గుమ్మం వైపు రెండడుగులు వేశారు. చిన్నకోడలు వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒళ్లంతా పొట్టు, మోచేతుల దాకా జిడ్డు. పక్కనే మామగారు వచ్చి నిలబడ్డారు.

"జరిగిందేదో జరగలేదు బావగారూ. నా చెయ్యి అచ్చిరాలేదని మీరు అన్నారు. అదీ నలుగురిలో నన్ను నిలబెట్టి అన్నారు," అంది. "ఈ నలుగురూ ఉండగానే ఆ మాట వెనక్కి తీసుకోండి. మాకేం తొందర్లేదు, నిలబడతాం."